గద్ద కనబడని ఆదివారం కూడా రాయాలా?

ప్రశ్న: మాది బెంగళూరు, బన్నేరుఘట్ట రోడ్డు. ఆదివారాలు మా బావమరిదితో కలిసి అడవి అంచున పక్షులు చూస్తుంటాను. నెల క్రితం పామును కాళ్లతో పట్టుకుని ఎగురుతున్న పెద్ద గద్ద కనబడితే ఈబర్డ్‌లో (చూసిన పక్షుల్ని ఎవరైనా నమోదు చేసే వెబ్‌సైటు) పెట్టాను. తర్వాత మూడు ఆదివారాలు కనబడలేదు, అందుకే ఏమీ రాయలేదు. మాలాంటి వాళ్ల రాతలు నిజంగా పనికొస్తాయా? ఇంకోటి, దాని గూడు కూడా చూశాం, ఎక్కడో చెప్పమని మా వాట్సాప్ గ్రూపులో ఒకటే గొడవ.

జవాబు: పనికొస్తాయి, కాకపోతే ఆ మూడు ఆదివారాలు వదిలేయడమే పొరపాటు. ఓ పక్షి తగ్గుతోందా అన్నది తేల్చడానికి, ఆ ప్రాంతం నుంచి వచ్చిన పూర్తి జాబితాల్లో (అంటే ఆ రోజు గుర్తుపట్టిన పక్షులన్నీ రాసినవాటిలో) ఎన్నింట్లో అది ఉందో చూస్తారు. కనబడిన రోజే రాస్తే మీ గద్ద నూటికి నూరుసార్లు అక్కడే ఉన్నట్టు లెక్క తేలుతుంది, నాలుగూ రాస్తే నాలుగింట ఒకసారి. కాకులూ మైనాలే కనబడినా సరే, గుర్తుపట్టినవన్నీ రాయండి. పాతవి డైరీలో ఉంటే ఆ తేదీలతోనే ఎక్కించొచ్చు, జ్ఞాపకం మీద మాత్రం వద్దు. 2023లో వచ్చిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక 942 జాతుల్ని పరిశీలించింది ఇలా సుమారు 30 వేల మంది రాసినవాటితోనే. వేటాడే పక్షులు బాగా తగ్గాయని బయటపడిందీ అందులోనే.

మీరు చూసింది పాము గద్దే అనుకుంటాను, రెక్కల కింద అంచు పొడుగునా వెడల్పాటి తెల్ల పట్టీ ఉందేమో ఫోటో ఉంటే చూడండి. తోక చివర చీలినట్టుంటే అది మటన్ కొట్ల మీద తిరిగే మామూలు గద్ద (నేను మొదట్లో వాటన్నిటినీ ఈగిల్ అని రాసేసి తర్వాత కూర్చుని దిద్దుకున్నాను). చెట్ల కింద నడుస్తూ వెతికితే మెడనొప్పే మిగులుతుంది. ఎండెక్కి వేడిగాలి లేచే తొమ్మిది, పదకొండు మధ్య అడవి పైభాగం కనబడేలా ఊరివైపు ఏ గుట్ట మీదో కూర్చోండి. పాము గద్ద ఎగురుతూ ఈల వేస్తుంది, చాలాసార్లు ముందు అదే వినబడుతుంది, కంటికి కనబడకపోయినా రాసుకోవచ్చు.

గూడు సంగతి గ్రూపులో పెట్టకండి. అది మామూలుగా ఒక్క గుడ్డే పెడుతుంది, పదిమంది కెమెరాలతో చెట్టు కింద చేరితే తల్లి గూడు వదిలేసే ప్రమాదం ఉంది, ఇక ఆ ఏడాదికి అంతే. దూరం నుంచి చూసి తేదీ రాసి పెట్టుకోండి, అడిగేవాళ్లకి పిల్ల ఎగిరాక చెబుతాననండి, కోపం వస్తే రానివ్వండి.