మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో ఆలోచన ఎందుకు మందగిస్తుంది?

నడక బాగానే ఉన్న మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) రోగికి జ్ఞాపకశక్తి, ఏకాగ్రత ఎందుకు తగ్గుతాయన్నది ప్రశ్న. ఈ వ్యాధిలో శరీరపు రోగనిరోధక వ్యవస్థే నాడీ తంతువుల చుట్టూ ఉండే మైలిన్ అనే కొవ్వు పొరను దెబ్బతీస్తుంది. ఆ పొర పోయినచోట సంకేతాలు నెమ్మదిస్తాయి, కొన్నిచోట్ల తంతువే తెగిపోతుంది. అందువల్ల చాలామందిలో ముందుగా తగ్గేది విషయాన్ని గ్రహించి స్పందించే వేగం. మాట తీరు సాధారణంగా చెక్కుచెదరదు కాబట్టి, ఈ మార్పు ఇంట్లోవాళ్లకు బద్ధకంగానో అశ్రద్ధగానో తోస్తుంది. రోగికి ఇది ఎంతో అన్యాయం చేసే అపార్థం.

మెదడు లోపల మైలిన్ తొడిగిన తంతువులుండే తెల్ల పదార్థంలో, పొర దెబ్బతిన్నచోట ఏర్పడే మచ్చలు మాత్రమే ఆలోచన మందగించడానికి కారణం కావు. మెదడు పైపొర అయిన కార్టెక్స్‌లో కూడా మచ్చలు ఏర్పడతాయి, కానీ మామూలు ఎం.ఆర్.ఐ.లో అవి చాలావరకు కనబడవు. మెదడులోని వేర్వేరు భాగాల మధ్య సంకేతాలకు కూడలి వంటిదైన థాలమస్ తొలి దశ నుంచే కుంచించుకుపోవచ్చు; ఆ కుంచించుకుపోవడానికీ, ఆలోచనా వేగం తగ్గడానికీ దగ్గరి సంబంధం ఉన్నట్లు పరిశోధనల్లో తేలింది. ఫ్రెంచి వైద్యుడు షార్కో 1868 నాటికే ఈ రోగుల్లో జ్ఞాపకశక్తి బలహీనపడటాన్ని గుర్తించాడు; అయినా చాలాకాలం వైద్యుల దృష్టి కాళ్లూ చేతుల మీదే నిలిచిపోయింది.

గుర్తులకు సరిపోయే అంకెలను 90 సెకన్లలో చెప్పించే సులువైన పరీక్షతో ఈ లోపాన్ని ముందుగానే పసిగట్టవచ్చు. డిప్రెషన్, నిద్రలేమి, తీవ్రమైన అలసట కూడా ఇలాంటి లక్షణాలనే కలిగిస్తాయి. వాటికి చికిత్స ఉంది కనుక న్యూరాలజిస్టు వాటిని కూడా తప్పక పరిశీలించాలి.