రంగు చూడనని చెప్పే ముందు

చిరంజీవి చిట్టికి, ఒంగోలు నుంచి పెదనాన్న ఆశీస్సులు.

అమెరికాలో మీ యూనివర్సిటీ చర్చలో మాట్లాడబోతున్నానని రాశావు. కాలేజీ సీట్లలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదు అనే పక్షం నీకిచ్చారని, "నేను మనుషుల రంగు చూడను" అని మొదలుపెడతానని అన్నావు. ఆ పక్షాన మాట్లాడొద్దని నేను చెప్పను. ఆ వాదనకీ బలం ఉంది. కానీ ఆ మొదటి వాక్యం మాత్రం తీసెయ్యి తల్లీ.

అలాంటి మాటే నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ స్టాఫ్‌రూముల్లో విన్నాను. "నాకు కులం పట్టింపు లేదు మాస్టారూ" అనేవాళ్ళు. చాలామంది మంచివాళ్ళే, మనస్ఫూర్తిగానే అనేవాళ్ళు. అయితే వాళ్ళంతా దాదాపు మన వీధివాళ్ళే. బావి దగ్గరగానీ గుడి దగ్గరగానీ "మీరేంటి?" అని ఆరా తీసి మనల్ని ఎవరూ వెనక్కి పంపలేదు. మనకి అడ్డు తగలనిది మన కంట పడదు. మాలపల్లెలో పుట్టి టీచరైన ఒకాయన నాతో పనిచేసేవాడు. ఇక్కడ అద్దె ఇంటికోసం తిరిగితే గడప గడపకీ ఆయనకి అదే ప్రశ్న. కులం కనిపించదు అనే మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

1985 జులైలో కారంచేడులో ఏం జరిగిందో నీకు తెలియాలి. ఆ ఊరు అప్పుడు మన ప్రకాశం జిల్లాలోదే. తాము తాగే చెరువు నీళ్ళు పాడు చేయొద్దని మాదిగపల్లెవాళ్ళు అన్నందుకు, మర్నాడు, 17వ తేదీన, ఊళ్ళోని పెద్దకులంవాళ్ళు ఆ పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్ళు చీరాల పారిపోయి తలదాచుకున్నారు. అప్పుడు కూడా మన చుట్టుపక్కల పెద్దమనుషులు కొందరు "ఇందులోకి కులాన్ని లాగొద్దు, అది కుర్రాళ్ళ గొడవ" అన్నారు. చనిపోయినవాళ్ళంతా ఒకే పల్లెవాళ్ళు ఎందుకయ్యారని అడిగితే జవాబు లేదు. కులం ఊసెత్తొద్దు అనడం అక్కడ శాంతి కోసం కాదు, అడగకుండా ఉండటం కోసం. నీ వాక్యం వినగానే ఆ హాల్లో కూర్చున్న నల్లజాతి పిల్లలకి ఇలాంటిదే గుర్తొస్తుంది. నీ ఉద్దేశం వేరైనా సరే.

రెండో వైపు కూడా చెప్తాను, ఎందుకంటే చూడటంలోనూ అన్యాయం ఉంది. స్కాలర్‌షిప్ ఫారాలు వచ్చిన రోజు కొందరు టీచర్లు క్లాసులోకి వచ్చి "ఎస్సీ పిల్లలు లేచి నిలబడండి" అనేవాళ్ళు. తలలు వంచుకుని లేచే ఆ పిల్లల్ని చూస్తే నాకు కడుపు తరుక్కుపోయేది. అలాగని ఒక స్కూల్లో హెడ్‌మాస్టరు గారు కులం కాలమే నింపొద్దన్నారు, ఆదర్శం అనుకుని. ఆ ఏడాది ఆ పిల్లల స్కాలర్‌షిప్పులు ఆగిపోయాయి. ఒక్కొక్కరినీ పక్కకి పిలిచి, వివరాలు రాసుకుని, క్లాసులో మాత్రం అందరితో ఒకేలా ఉండటమే నాకు తెలిసిన పద్ధతి. పిల్లవాడి తెలివిని తూచేటప్పుడు కులం గుర్తుకు రాకూడదు. వాడికి జరిగిన నష్టాన్ని లెక్కవేసేటప్పుడు మర్చిపోకూడదు. నీ చర్చంతా ఈ రెండింటి మధ్యే నడుస్తుంది.

ఇక మీ అమెరికా సంగతి. లూసియానాలో నల్లవాళ్ళకి రైలు పెట్టె వేరుగా ఉండాలని చట్టం చేస్తే, 1896లో సుప్రీంకోర్టు దాన్ని సరే అంది. జస్టిస్ హార్లన్ ఒక్కడే కాదన్నాడు. అమెరికా రాజ్యాంగానికి రంగు కనిపించదని ఆయన రాసింది ఆ తీర్పులోనే. అంటే ఆ వాదన పుట్టింది తోసేయబడినవాళ్ళ తరఫున. 2023 జూన్ 29న హార్వర్డ్ యూనివర్సిటీ కేసులో, సీట్లలో జాతిని లెక్కలోకి తీసుకోవద్దని చెప్పిన జడ్జీలు కూడా హార్లన్ మాటనే పట్టుకున్నారు. ఆ మాట రైలు పెట్టె నుంచి దించినప్పుడు ఎవరి పక్షాన నిలబడింది, ఇప్పుడు ఎవరి పక్షాన నిలబడుతోంది అన్నది నీ ప్రసంగంలో నువ్వే ముందు ఎత్తు. అవతలివాళ్ళు ఎత్తేదాకా ఆగకు.

మార్టిన్ లూథర్ కింగ్‌ని ఉదాహరించబోతున్నావని ఊహిస్తున్నాను. 1963 ఆగస్టు 28న ఆయన తన పిల్లల్ని ఒంటి రంగుని బట్టి కాక గుణాన్ని బట్టి చూసే రోజు రావాలన్నాడు. అందరికీ తెలిసింది అదొక్కటే. అదే ప్రసంగంలో, అంతకుముందే, నల్లవాళ్ళకి అమెరికా ఇచ్చిన చెక్కు డబ్బుల్లేక వెనక్కొచ్చిందని కూడా అన్నాడు. మొత్తం చదివి వెళ్ళు. సగం తెలిసినవాళ్ళని సభలో నిలదీయడం తేలిక.

ఈ గొడవ మనకి కొత్త కాదు. మన జిల్లాలన్నీ మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు కులాల వారీగా కాలేజీ సీట్లు పంచే జీవో ఉండేది. చంపకం దొరైరాజన్ కేసులో 1951లో మన సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, పౌరుల మధ్య కులభేదం చూపకూడదని రాజ్యాంగంలోనే ఉందని. అదే ఏడాది మొదటి సవరణ తెచ్చి, వెనకబడినవాళ్ళ కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చని 15వ అధికరణంలో చేర్చారు. ఇది చెప్తే నీ మాటకి విలువ పెరుగుతుంది. అక్కడివాళ్ళకి తెలియనిది నువ్వు తెచ్చినట్టవుతుంది.

"మా ఇండియన్లు కష్టపడి పైకొచ్చారు, వాళ్ళెందుకు రాలేదు?" అని మాత్రం పొరపాటున కూడా అనకు. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీకి నువ్వు తెల్లవాడివి కాదని చెప్పి పౌరసత్వం కాదన్నది అమెరికా సుప్రీంకోర్టే. 1946లో తలుపు కొంచెం తెరిచారు, ఏడాదికి వంద మందికి. 1965లో కదా వలసల చట్టం మారింది. నల్లవాళ్ళు దెబ్బలు తిని, జైళ్ళకెళ్ళి, పౌరహక్కులు సాధించుకున్న రోజులవి. ఆ గాలిలోనే మనకీ దారి దొరికింది. అది కూడా చదువుకున్నవాళ్ళని ఏరి రానిచ్చింది. ఏరి తెచ్చినవాళ్ళ పిల్లల మార్కులు చూపించి, సంకెళ్ళతో తెచ్చినవాళ్ళ మనవల్ని అడగడం న్యాయం కాదు.

మాట్లాడేటప్పుడు ఎవరినీ "నువ్వు రేసిస్టువి" అనకు. అది అన్నాక అవతలివాడు ఇక వినడు, తనని తాను కాపాడుకోవడంలోనే పడతాడు. జరిగింది చెప్పు. ఎవరికి ఇల్లు ఇవ్వలేదు, ఎవరిని ఆపి సోదా చేశారు, ఏ పిల్లల బడికి డబ్బులు తక్కువ, ఇలా. నిన్నే ఎవరైనా ఆ మాట అంటే టెన్షన్ పడి ఎదురు తిరగకు. "నా మాటలో ఏది నొప్పించిందో చెప్పండి" అని అడిగి, చెప్పినంతసేపూ విను. ఇండియన్లందరి తరఫునా మాట్లాడకు, నీ తరఫున మాట్లాడు. ఎవరైనా కులం గురించి అడిగితే దాచకు.

ఇంకో విషయం, ఇది మన ఇంటిది. పెళ్ళి సంబంధం మాట రాగానే "పిల్ల తెలుపేనా" అని అడిగే ఇల్లు మనది. నీకు చామనఛాయ అని మీ నానమ్మ చిన్నప్పుడు సున్నిపిండి పెట్టి రుద్దించేది. ఆ బాధ నీకు తెలుసు. అమెరికావాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు దాన్ని మర్చిపోకు.

నువ్వు చివర్లో రాసిన ఇంటి సంగతి. ఆ వీధిలో నల్లవాళ్ళు ఎక్కువని, తీసుకోవద్దని మీ నాన్న అన్నాడు. నువ్వు వెళ్ళి చూశావు, పగలూ రాత్రీ తిరిగావు, పక్కింటివాళ్ళతో మాట్లాడావు, బస్సు దగ్గర, అద్దె అందుబాటులో ఉంది. ఇంకేం కావాలి? రంగు చూడకపోవడం నీకు నిజంగా ఇష్టమైతే అది చూపించాల్సింది ఈ ఇంటి దగ్గరే, మైకు దగ్గర కాదు. అడ్వాన్సు ఇచ్చెయ్. మీ నాన్నతో నేను ఆదివారం మాట్లాడతాను.

ప్రసంగం రాశాక నాకు పంపు, చదివి చెప్తాను.

పెదనాన్న