చిన్నీ, ఒడ్డుకి పదడుగులు వెనక్కి

చిన్నీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "అక్కా, అది అస్సాం వెళ్తానంటోంది. అడవిగుర్రాల ఫొటోలు తీస్తుందట. నా మాట వినట్లేదు, నువ్వైనా చెప్పు" అన్నాడు. సరే, చెప్తాలే అన్నాను. ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. ఆ గుర్రాలుండే డిబ్రూ-సైఖోవా అడవి పేరు మన ఇంట్లో ఇంకొకరి నోట విని ఎన్నేళ్ళయిందో! మీ మామయ్య ఉంటే అప్పటికప్పుడు ఆ పాత రైల్వే మ్యాప్ తీసి మంచం మీద పరిచేవాడు.

నిన్ను ఆపమన్నాడు మీ నాన్న. నేను ఆపను. ఈఎంఐ కట్టి కొనుక్కున్న ఆ పెద్ద లెన్స్‌తో నువ్వు పెళ్ళిళ్ళే తీస్తూ కూర్చోవాలని నాకూ లేదు. కానీ భయం మాత్రం ఉంది, బోలెడంత ఉంది. అందుకే ఫోన్‌లో కాకుండా కాగితం మీద రాస్తున్నాను. ఫోన్‌లో అయితే సగంలో "సరేలే అత్తయ్యా" అని పెట్టేస్తావు.

తేలికవి ముందు చెప్పేస్తాను. వివేక్ ఎక్స్‌ప్రెస్ విజయవాడ మీదుగానే పోతుంది, న్యూ తిన్సుకియాలో దిగు. అక్కణ్ణుంచి గుయిజాన్ రేవు పది కిలోమీటర్లు. అటవీశాఖ అనుమతి కాగితం చేతిలో పడకుండా పడవ ఎక్కకు. ఒంటరిగా ఇసుకమేటల మీదికి వెళ్ళకు, పడవ మనిషో అటవీశాఖ గార్డో పక్కన ఉండాల్సిందే. జనవరి అన్నావుట, మంచిదే, వానాకాలంలో ఆ అడవిలో చాలా భాగం నీళ్ళలోనే ఉంటుంది. స్వెట్టర్లు రెండు పెట్టుకో. బ్యాటరీలు చలికి తొందరగా దిగిపోతాయి, లోపలి జేబులో ఒంటికి ఆనించి ఉంచుకో. గాలిలో ఇసుక ఉంటుంది, మేట మీద లెన్స్ మార్చకు.

ఇంకో సంగతి, పొద్దు. అక్కడ సూర్యుడు మనకంటే ముందే లేస్తాడు, ముందే వాలిపోతాడు. తేయాకు తోటల్లో గడియారం గంట ముందుకి తిప్పుకుని 'బాగాన్ టైమ్' అని పనులు నడుపుకుంటారు. జనవరిలో సాయంత్రం ఐదింటికల్లా చీకటి. నాలుగింటికి ఇంకా వెలుతురుంది కదా అని ఇంకో పాయలోకి వెళ్దామంటావు, నాకు తెలుసు. వెళ్ళకు. మూడింటికి పడవ వెనక్కి తిరగాలి.

ఆ గుర్రాల గురించి నువ్వు చదివే ఉంటావు. అడవిగుర్రాలు అంటాం గానీ వాటి ముత్తాతలు అడవివి కావు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం ఆ మూలకి తెచ్చిన గుర్రాల సంతానమని చెప్తారు. లెడో నుంచి బర్మా మీదుగా చైనాకి రోడ్డు వేసింది అక్కణ్ణుంచే కదా. యుద్ధం అయ్యింది, మనుషులు వెళ్ళిపోయారు, గుర్రాలు మిగిలాయి. గడ్డి ఉంది, నీళ్ళున్నాయి, అక్కడే పిల్లల్ని కని బతికాయి. వాటిని చూసినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొచ్చేది, ఎవరో తెచ్చి వదిలేసి వెళ్ళినవి అని. మీ మామయ్యకి తిన్సుకియా ట్రాన్స్‌ఫర్ అయిన కొత్తల్లో, భాష రాక, పక్కింటివాళ్ళతో మాట్లాడలేక, నేనూ అలాగే ఉండేదాన్నేమో. అందుకే అంత ఇష్టం పెరిగిందనుకుంటాను.

ఆ చోటు చూస్తే నీకు కొత్త అనిపించదు. బ్రహ్మపుత్ర, లోహిత్, డిబ్రూ, ఎటు చూసినా పాయలే. మధ్యలో ఇసుకమేటలు, వాటి మీద రెల్లుగడ్డి. అచ్చం మన గోదావరి లంకల్లా ఉంటాయి. వాళ్ళు చాపొరి అంటారు. మొదటిసారి చూసి మన ఊరే అనుకున్నాను, చెప్పొద్దూ, కళ్ళనీళ్ళు తిరిగాయి. కానీ అది గోదావరి కాదమ్మా. 1950 ఆగస్టు 15న వచ్చిన భూకంపంతో అక్కడ నది అడుగే పైకొచ్చేసింది. అప్పటి నుంచీ ఒడ్లు కోసుకుపోతూనే ఉన్నాయి. నిన్న నడిచిన దారి ఇవాళ ఉండదు.

నాకు నీళ్ళంటే భయం లేదు, ఒడ్డంటేనే భయం. చిన్నప్పుడు లంకలో మా నాన్న కొబ్బరిచెట్లు ఒక్కోటీ ఏట్లోకి ఒరిగిపోవడం చూసినదాన్ని. ఒడ్డు పైనుంచి చూస్తే గట్టిగానే ఉంటుంది, కింద నీళ్ళు ఎప్పుడో తినేసి ఉంటాయి. నువ్వు వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి ఒక్కో అడుగూ జరుగుతుంటే పాదం కింద ఏముందో ఎవరు చూస్తారు? ఒడ్డుకి పదడుగులు వెనక్కి ఉండాలి. ఫొటో తీసేముందు కాళ్ళకేసి చూడాలి. ఇది మళ్ళీ మళ్ళీ చెప్తాను, విసుక్కోకు.

ఇక అసలు సంగతి. మా హాల్లో ఉన్న గుర్రాల ఫొటో గుర్తుందా? గుర్తుండకేం. సెలవులకి వచ్చినప్పుడల్లా సోఫా ఎక్కి నిలబడి చూసేదానివి. ముందు ముదురు ఎర్ర మగగుర్రం, తల కిందికి వంచి, మెడ సాచి, జూలు ఎగురుతూ, వెనక పొగమంచులో పరిగెత్తే మిగతావి. "అత్తయ్యా, అదెందుకు అంత కోపంగా ఉంది?" అని నాలుగేళ్ళప్పుడే అడిగావు. కోపం కాదులే, ఆడుకుంటోంది అన్నాను. అబద్ధం చెప్పాను చిన్నీ. ఆ ఫొటో చూసే నీకు ఈ పిచ్చి పట్టిందని మీ నాన్న అంటాడు. కాబట్టి అది ఎలా వచ్చిందో నీకు తెలియాలి. మీ మామయ్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

2006 ఫిబ్రవరి. నా దగ్గర పెంటాక్స్ కె1000, దానికి 210 మిల్లీమీటర్ల దాకా వెళ్ళే జూమ్ లెన్స్. రీల్‌కి 36 ఫొటోలు, ఒక్కోటీ లెక్కపెట్టుకుని తీసేదాన్ని. అప్పటికి నాలుగుసార్లు వెళ్ళాను, నాలుగుసార్లూ గుర్రాలు ఫొటోలో ఉలవగింజంతే పడ్డాయి. ఆ రోజు దగ్గరగా తీయాల్సిందేనని ఇంట్లోంచే అనుకుని బయల్దేరాను. తప్పు అక్కడే మొదలైంది.

పొగమంచు. పడవ మనిషి ఇంజిన్ ఆపేసి గెడతో నెట్టాడు. ఆ ఇంజిన్ పడవల్ని వాళ్ళు భుట్‌భుటి అంటారు, చప్పుడు అలాగే ఉంటుంది మరి. మేట మీద దిగితే తడి ఇసుకలో గిట్టల గుర్తులు, పక్కన ఆవిరి ఇంకా లేస్తున్న లద్ది. కాస్త పోయేసరికి రెల్లు సందులోంచి కనిపించాయి. ఏడు. ఒక మగది, ఐదు ఆడవి, ఒక పిల్ల. పుట్టి ఎన్నో రోజులు కాలేదు. కాళ్ళు ఒంటికంటే పొడుగు, తోక ఇంకా కుచ్చులాగే ఉంది. తల్లి కడుపు కింద దూరి పాలు తాగుతోంది.

"బైదేవ్, ఇక్కడే కూర్చుందాం" అన్నాడతను. బైదేవ్ అంటే అక్క అని. అతనికి యాభై ఏళ్ళుంటాయి, నన్ను అక్కా అనేవాడు. ఇంకొంచెం అన్నాను. గాలి నా వీపు మీంచి వాటివైపు వీస్తోంది, నేను పట్టించుకోలేదు. పదడుగులు వేశాను. మగగుర్రం తల ఎత్తింది. రెండు చెవులూ నిటారుగా నావైపు తిరిగాయి. మేత నమలడం ఆపేసింది, నోట్లోంచి గడ్డి పోచ ఒకటి అలాగే వేలాడుతోంది. కదల్లేదు కదా, ఒప్పుకుందిలే అనుకున్నాను. ఇంకో పదడుగులు. ముక్కుతో ఒక్కసారి గట్టిగా ఊదింది. తల్లి తల తిప్పి పిల్లని చూసింది. ఇంకో ఐదు.

అప్పుడు మగది చుట్టూ తిరిగి గుంపు వెనక్కి వచ్చింది. తల నేలకి దించింది, మెడ సాచింది, చెవులు వెనక్కి వాలి మెడకి అంటుకుపోయాయి. అదే నీకు తెలిసిన ఫొటో. 23వ నంబరు. అలా చేస్తే పదండి, పారిపొండి అని తన వాళ్ళని తోలుతున్నట్టు. నాకప్పుడు తెలీదు. ఎంత బాగా వచ్చిందో అనుకున్నాను. నా గుండె సంతోషంతో కొట్టుకుంటోంది, వాటి గుండెలు భయంతో.

అవి నాకు ఎదురుదిక్కుకి పరిగెత్తాయి. అటు సన్నటి పాయ. పెద్దవి దూకి ఈదేశాయి. పిల్ల ఒడ్డు అంచుకి వచ్చి ఆగింది. ఆగిన చోట ఒడ్డు విరిగింది. పెద్ద చప్పుడేం కాలేదు, ఇసుక పెళ్ళ ఒకటి మెల్లగా కిందికి జారింది, దాంతోపాటే పిల్లా పోయింది. ఛాతీ దాకా బురదలో ఉంది. ముందుకాళ్ళు ఎత్తుతుంది, ఇసుక మీద పడుతుంది, మళ్ళీ ఎత్తుతుంది. తల్లి అవతలి ఒడ్డున నిలబడి సకిలిస్తోంది, ఇవతలికి రాదు. ఎందుకంటే ఇవతల నేనున్నాను.

నేను పరిగెత్తబోయాను, లాగేద్దామని. పడవ మనిషి నా మణికట్టు పట్టుకుని ఆపాడు. "మనం పోతేనే తల్లి వస్తుంది" అన్నాడు, అంతే. పడవ దాకా నన్ను నడిపించుకొచ్చి, వంపు తిరిగేదాకా గెడ వేశాడు. దారిపొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు, తిట్టలేదు. తిడితే బాగుండేది. వంపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే తల్లి నీళ్ళలోకి దిగుతోంది. పిల్ల కనిపించలేదు, ఒడ్డు అడ్డం.

వారం తర్వాత మళ్ళీ వెళ్ళాం. అదే గుంపు, ఇంకో మేట మీద. దూరం నుంచే లెక్కపెట్టాను. ఆరు. మళ్ళీ లెక్కపెట్టాను. ఆరే. ఆ పిల్ల ఏమైందో నాకు ఈ రోజుకీ తెలీదు. రీల్ కడిగించాక మీ మామయ్య ఆ ఫొటో చూసి ఎంత మురిసిపోయాడంటే, ఫ్రేము కట్టించుకొచ్చేదాకా నేను నోరు విప్పలేకపోయాను. చెప్పాక తీసేద్దామా అన్నాడు. ఉండనీ అన్నాను, రోజూ చూడాలని.

అందుకే చెవులు చూడమంటున్నాను చిన్నీ. ఎన్ని అడుగుల దూరం అని నన్ను అడగకు, ఆ లెక్క గుర్రమే చెప్తుంది. తల దించి మేస్తుంటే, చెవి ఒకటి ఇటు ఒకటి అటు తిరుగుతుంటే నువ్వు ఉన్నా పర్లేదన్నట్టు. రెండు చెవులూ నీమీదే ఆగాయంటే అప్పటికే ఎక్కువ దగ్గరికి వచ్చావు. కూర్చో. కూర్చున్నా తల దించకపోతే వెనక్కి రా. పిల్ల ఉన్న గుంపైతే మొదటి చోటు నుంచి కదలనే కదలకు. గాలి నీ మొహానికి తగులుతుండాలి, వీపుకి కాదు. సెంటు పూసుకోకు. బ్యాగ్ వెల్క్రో పడవలోనే ఊడదీసి పెట్టుకో, ఆ నిశ్శబ్దంలో బట్ట చిరిగినంత చప్పుడవుతుంది. నీ కెమెరాలో చప్పుడు లేకుండా తీసే పద్ధతి ఉందట కదా, అదే వాడు. మంచుకీ ఇసుకకీ కెమెరా మోసపోయి అంతా బూడిదరంగు చేసేస్తుంది, ఎక్స్‌పోజర్ ప్లస్ వన్ పెట్టుకో. ఇంజిన్ ఆపించి పడవలోంచే తీయగలిగితే ఇంకా మంచిది, మోచేతులు మోకాళ్ళకి ఆనించుకో. ట్రైపాడ్ పడవలో ఎందుకూ పనికిరాదు.

మూడు రోజులూ ఉలవగింజంతే పడితే పడనీ. రెల్లు, పొగమంచు, దూరంగా ఒక వరస గుర్రాలు. అలాంటి ఫొటోలు నా దగ్గర ఒక డబ్బా నిండా ఉన్నాయి, ఒక్కటీ ఫ్రేము కట్టించలేదు. ఇప్పుడు తీసి చూస్తుంటే అవే బాగున్నాయి. వాటిలో ఒక్క గుర్రమూ నావైపు చూడటం లేదు.

బాగ్‌జాన్ కూడా ఆ పక్కనే. 2020 మేలో అక్కడ గ్యాస్ బావి పేలి, జూన్‌లో అంటుకున్న మంట నవంబర్ దాకా ఆరలేదు. టీవీలో చూస్తూ ఆ మేటలు, ఆ పడవ మనిషి ఏమయ్యారోనని కొట్టుకులాడిపోయాను. గుయిజాన్ రేవులో ఎవరైనా ముసలి పడవతను కనిపిస్తే, ఎడమ కనుబొమ మీద గాటు ఉంటుంది, తెలుగు బైదేవ్ అడిగిందని చెప్పు. లేకపోతే ఉన్న పడవ మనిషి మాటే విను. అతను ఆగమన్న చోట ఆగు. దాంతోనే నాకు సగం టెన్షన్ తగ్గుతుంది.

మీ నాన్నతో నేను మాట్లాడతాను, ఒప్పుకుంటాడు. బెర్త్ నంబర్ రాగానే మెసేజ్ పెట్టు. రాజమండ్రిలో రైలు ఆగేది కాసేపే, నేను కోచ్ ఎక్కడ పడుతుందో కనుక్కుని ముందే నిలబడతాను. పులిహోర, జంతికలు తెస్తాను, రెండు రోజుల ప్రయాణం కదా. ఇంకో కవరు కూడా ఇస్తాను. అందులో 24వ నంబరు ఉంటుంది. ఇన్నేళ్ళూ ప్రింటు వేయించలేదు, మొన్న వేయించాను. అవతలి ఒడ్డున తల్లి ఒక్కతే నిలబడి ఇటు చూస్తోంది. దాన్ని నీ కెమెరా బ్యాగ్‌లో పెట్టుకో.

అత్తయ్య