స్కూల్ సోషల్ వర్కర్ రోజూ చేసే పని ఏమిటి? కౌన్సెలర్‌కీ వాళ్లకీ తేడా ఏంటి?

ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) అయిపోవస్తోంది, స్కూల్లో ఉద్యోగం వచ్చేలా ఉంది, చేరితే ఏం చేయాల్సి ఉంటుంది అని అడిగారు కదా. కొన్నేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. కూర్చున్నది తక్కువేలెండి, తిరిగిందే ఎక్కువ.

తేడా కూడా అక్కడే ఉంది. కౌన్సెలర్ పని ఎక్కువగా పిల్లలతో గదిలో కూర్చుని మాట్లాడటం. మన పనిలో సగం గది బయటే, ఇంటికీ బడికీ మధ్య. అసలు ఈ ఉద్యోగం మొదలైందే అలా. 1906-07 ప్రాంతంలో న్యూయార్క్, బోస్టన్, హార్ట్‌ఫర్డ్ నగరాల్లో ‘విజిటింగ్ టీచర్లు’ అని కొందరిని పెట్టారు. పిల్లల ఇళ్లకు వెళ్లి మాట్లాడి, ఇంటికీ బడికీ సంబంధం కలపడం వాళ్ల పని.

ఒక కేసు చెబుతాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఏడో తరగతి అమ్మాయి, చదువు మీద శ్రద్ధ లేదని క్లాస్ టీచర్ నా దగ్గరకు పంపారు. పిల్లతో మాట్లాడబోయే ముందు హాజరు పట్టీ తిరగేశాను. ఆబ్సెంట్లన్నీ సోమ, బుధ, శుక్రవారాలే. ఇంటికి వెళితే సంగతి తెలిసింది. తాతగారికి ఆ మూడు రోజులూ పొద్దున డయాలసిస్. తల్లి ఆయన్ని తీసుకెళితే, చంటి తమ్ముణ్ణి చూసుకోవడానికి ఈ పిల్ల ఇంట్లో ఉండిపోతోంది. ఆసుపత్రిలోని మెడికల్ సోషల్ వర్కర్‌తో మాట్లాడి, తాతగారి స్లాట్ సాయంత్రానికి మార్పించాం. బడిలో వెనకబడిన లెక్కల పాఠాలు మళ్లీ చెప్పించాం. ఆ అమ్మాయికి కౌన్సెలింగ్ అవసరమే పడలేదు. అందుకే ఎవరైనా పిల్లవాణ్ణి ‘బద్ధకం’, ‘మొండి’ అని పంపితే, ఆ మాట పక్కన పెట్టి ముందు తేదీలు చూడండి.

అన్నీ ఇంత తేలిగ్గా తెగవు. ఇంట్లో కొడుతున్నారనో, ఎవరో ఒంటి మీద చేయి వేస్తున్నారనో పిల్లలు చెప్పే రోజు వస్తుంది. మాట మొదలుపెట్టేముందే ‘ఎవరికీ చెప్పరు కదా?’ అని అడుగుతారు. ఆ మాట ఇవ్వకండి. ‘నీకో, ఇంకొకరికో ప్రమాదం ఉంటే చెప్పాల్సిన వాళ్లకు చెప్పక తప్పదు, కానీ నీకు చెప్పకుండా ఎవరి దగ్గరికీ వెళ్లను’ అని నేను మొదటి రోజే చెప్పేదాన్ని. చెప్పినదాన్ని పిల్లల మాటల్లోనే రాసుకోండి. గుచ్చి గుచ్చి అడగకండి, విచారణ మన పని కాదు. నిజమో కాదో తేల్చుకుందామని ఇంటివాళ్లను నిలదీస్తే ఆ రాత్రి దెబ్బలు తినేది పిల్లే. మీ దగ్గర పిల్లల రక్షణ చట్టం ఎవరికి రిపోర్ట్ చేయమందో చేరిన వారంలోనే తెలుసుకోండి.

రాతపని గురించి కాలేజీలో పెద్దగా చెప్పరు గానీ, చాలా సమయం దానికే పోతుంది. ‘కోపిష్టి’ అని రాస్తే ఆ ముద్ర పై తరగతిదాకా వెంటపడుతుంది. ‘రెండో పీరియడ్‌లో పుస్తకం విసిరాడు, అంతకుముందు ఇద్దరు పిల్లలు అతని నత్తిని వెక్కిరించారు’ అని రాయండి. చదివినవాళ్లకు ఏం చేయాలో కూడా అందులోనే కనిపిస్తుంది. ఇవి కాక రిఫరల్స్ (అవసరమైన పిల్లల్ని బయటి నిపుణుల దగ్గరికి పంపడం), ప్రత్యేక అవసరాలున్న పిల్లల మీటింగులు, టీచర్లకూ తల్లిదండ్రులకూ మధ్య రాయబారాలు మామూలే.

ఒక చిరాకు మాత్రం ముందే చెప్పాలి. టీచర్ రాని క్లాసుకు మిమ్మల్ని పంపుతారు, అల్లరి పిల్లల్ని ‘కాస్త భయం చెప్పండి’ అని మీ గదికి తోలుతారు. నేను ఒప్పుకునేదాన్ని కాదు. ఒకసారి పోలీసు వేషం వేశాక మళ్లీ మన దగ్గర నోరు విప్పే పిల్లలుండరు.

ఇంటర్వ్యూలో మీరు కూడా అడగండి: మొత్తం ఎంతమంది పిల్లలు, ఇళ్లకు వెళ్లడానికి సమయం ఇస్తారా, తలుపు వేసుకుని మాట్లాడే గది ఉందా, కేసు ఫైళ్లు ఎవరెవరు చూస్తారు? అమెరికా సోషల్ వర్కర్ల జాతీయ సంఘం 250 మంది పిల్లలకు ఒకరు ఉండాలంటుంది. చాలాచోట్ల అంతకు ఎన్నో రెట్లు ఉంటారు, దానికి సిద్ధపడొచ్చు. గది మాత్రం లేదంటే నేనైతే చేరను.