పశ్చిమాసియాలో ఖర్జూరాల ద్వారా అందే కొవ్వు పెరిగిందా? ఆ గ్రాఫును ఎలా చదవాలి?

పశ్చిమాసియాలో ఒక్కో మనిషికి ఖర్జూరాల ద్వారా రోజుకు ఎంత కొవ్వు అందుతోందో 1961 నుంచి చూపే గ్రాఫును మీరు చూశారు. అందులో కొన్నేళ్ల పాటు గీత పైకి వెళ్లడం గమనించి, అక్కడి ఆహారంలో కొవ్వు పెరగడానికి ఖర్జూరం కూడా ఒక కారణమని రాయవచ్చా అని అడిగారు. అలా రాయకూడదు. ఆ అంకెలు ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వెలువరించే ఫుడ్ బ్యాలెన్స్ షీట్లలోవి, అంటే ఒక్కో దేశంలో ఏ ఆహారం ఎంత అందుబాటులో ఉందో చూపే పట్టికల్లోవి. వాటితో నేను చాలా కాలంగా పని చేస్తున్నాను. ఈ ప్రాంతపు అంకెలను దేశాల వారీగా విడదీసి చూశాను కూడా. ఆ గీతలో కనిపించేది ఖర్జూరం పంట, వ్యాపారం, జనాభా. కొవ్వు సంగతి అందులో దాదాపు ఏమీ లేదు.

ముందు పరిమాణం చూద్దాం. అమెరికా వ్యవసాయ శాఖ పోషక పట్టికల ప్రకారం గింజ తీసిన డెగ్లెట్ నూర్ రకం ఖర్జూరం 100 గ్రాముల్లో 0.39 గ్రాముల కొవ్వు ఉంటుంది, మెడ్జూల్ రకంలో 0.15 గ్రాములే. ఏడాదికి 20 కిలోల గుజ్జు, అంటే రోజుకు దాదాపు 55 గ్రాములు తినే మనిషి ఉన్నాడనుకుందాం. డెగ్లెట్ నూర్ లెక్కనే తీసుకున్నా అతనికి అందే కొవ్వు 0.2 గ్రాములకు కాస్త పైన, అంటే సుమారు రెండు కేలరీలు. అదే 55 గ్రాముల నుంచి వచ్చే మొత్తం శక్తి 155 కేలరీల దాకా ఉంటుంది, చక్కెరలే 35 గ్రాములు ఉంటాయి. కొవ్వు నుంచి వచ్చే శక్తి 30 శాతం దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది; రోజుకు 2,000 కేలరీలు తినే వారికి అది సుమారు 67 గ్రాముల కొవ్వు. దాని పక్కన ఈ 0.2 గ్రాములు రెట్టింపైనా, సగానికి పడిపోయినా ఆహారంలో తేడా రాదు.

ఇక ఆ అంకె ఎలా పుడుతుందన్నది అసలు విషయం. ఏ దేశంలోనూ ఏటేటా ఖర్జూరాలు తెచ్చి వాటిలో కొవ్వు కొలిచి ఈ పట్టికలో వేయరు. దేశంలో పండిన పంటకు దిగుమతులు కలిపి, ఎగుమతులు తీసివేసి, నిల్వల్లో వచ్చిన మార్పు సర్దుబాటు చేసి, పశువుల దాణాకు, నష్టాలకు, ఇతర వాడకాలకు పోయినది మినహాయించగా మిగిలినదాన్ని ఆహారంగా లెక్కిస్తారు. దాన్ని జనాభాతో, 365 రోజులతో భాగించి, ఖర్జూరానికి ముందే నిర్ణయించి పెట్టుకున్న కొవ్వు గుణకంతో, అంటే ఇంత బరువుకు ఇంత కొవ్వు అనే అంకెతో, హెచ్చిస్తారు. నేను ఈ పట్టికలు తెరిచినప్పుడు మొదట చేసే పని, కొవ్వు నిలువు వరుసను పక్కనున్న కిలోల వరుసతో భాగించడం. ఒక దేశానికి ఆ నిష్పత్తి ఏళ్ల తరబడి ఇంచుమించు ఒకే చోట నిలబడి ఉంటుంది. కనిపించే చిన్నచిన్న కదలికలు చాలావరకు దశాంశాలను దగ్గరి అంకెకు సవరించడం (రౌండింగ్) వల్ల వచ్చినవే. అంకె రెండు దశాంశాల వరకే ఇస్తారు కాబట్టి 0.14 ఉన్నది 0.15 అయితే గ్రాఫులో అది ఏడు శాతం పెరుగుదలగా కనిపిస్తుంది. వెనకాల ఉన్న అసలు తేడా ఒక్కోసారి గ్రాములో వెయ్యో వంతే కావచ్చు. ఇంత చిన్న అంకెల మీద శాతాలు కట్టి శీర్షికలు పెట్టడం చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే చదివేవారు ఆ శాతాన్నే గుర్తుపెట్టుకుంటారు.

కాబట్టి గీత ఎందుకు కదిలిందన్న ప్రశ్నకు జవాబు తోటల్లో వెతకాలి. ఇరాక్ సంగతే తీసుకోండి. బస్రా పరిసరాల్లో షత్ అల్ అరబ్ నది వెంట ఉండిన ఖర్జూర వనాలు ఒకప్పుడు ప్రపంచంలోనే అతి పెద్దవిగా పేరు పొందాయి. 1980 నుంచి 1988 దాకా ఇరాన్‌తో సాగిన యుద్ధంలో ఆ నదీ తీరమే యుద్ధరంగం కావడంతో చెట్లు లెక్కలేనన్ని కూలిపోయాయి. మరోవైపు సౌదీ అరేబియాలో అల్ అహ్సా, ఖసీమ్, మదీనా ప్రాంతాల తోటలు విస్తరించి, ఇటీవలి సంవత్సరాల్లో ఆ దేశపు ఉత్పత్తి ఏడాదికి 15 లక్షల టన్నులు దాటింది. 1980ల మధ్యలో గల్ఫ్ దేశాల్లోకి ప్రవేశించిన ఎర్రముక్కు పురుగు చెట్టు కాండాన్ని లోపలి నుంచి తొలిచి ఇప్పటికీ నష్టం చేస్తూనే ఉంది. ఎగుమతి మార్గాలు మూసుకుపోయినప్పుడు అమ్ముడుపోని పంట దేశంలోనే మిగిలి, మనుషులు అదనంగా ఒక్క పండు తినకపోయినా పట్టికలో తలసరి సరఫరా పెరిగినట్టు కనబడవచ్చు. నాసిరకం పండ్లు ఒంటెలకు, మేకలకు ఎంత పోతున్నాయో సరిగా నమోదు కాకపోయినా అదే జరుగుతుంది.

జనాభా అనే హారం గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ జనాభా 1980లో పది లక్షల చుట్టూ ఉండేది, ఇప్పుడు కోటి దరిదాపుల్లో ఉంది. వారిలో అత్యధికులు బయటి దేశాల నుంచి వచ్చినవారు, వారిలో చాలామందికి ఖర్జూరం రోజువారీ తిండి కాదు. అక్కడ తలసరి అంకె తగ్గితే అది స్థానిక కుటుంబాల అలవాటు మారిందనడానికి రుజువు కాదు. ప్రాంతపు సరిహద్దు కూడా ఇలాంటి చిక్కే తెస్తుంది. ఐక్యరాజ్యసమితి వర్గీకరణలో ఇరాన్ దక్షిణాసియాలోకి, ఈజిప్టు ఉత్తర ఆఫ్రికాలోకి వెళ్తాయి. అంటే ప్రపంచంలో ఖర్జూరం ఎక్కువగా పండించే దేశాల్లో రెండు మీ గ్రాఫులో లేనే లేవు. ఖర్జూరం అంతగా తినని తుర్కియే, జార్జియా, ఆర్మేనియా మాత్రం పశ్చిమాసియాలోనే ఉన్నాయి. తుర్కియే జనాభా ఒక్కటే ఎనిమిది కోట్లకు పైగా ఉండటంతో ప్రాంతపు సగటు ఒమన్‌లోని ఇంటికీ సరిపోదు, అంకారాలోని ఇంటికీ సరిపోదు.

గ్రాఫు 1961 నుంచి నేటి దాకా ఒకే గీతగా ఉంటే మరో జాగ్రత్త అవసరం. ఆహార, వ్యవసాయ సంస్థ మధ్యలో లెక్కించే పద్ధతిని మార్చింది. పాత పద్ధతిలో లెక్కించిన వరుస 2013తో ఆగిపోతుంది. కొత్త పద్ధతి వరుస 2010 నుంచి దొరుకుతుంది. రెండింటిలోనూ ఉన్న 2010–2013 అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. ఆ నాలుగేళ్లలోనే తేడా ఉంటే, అతికిన చోట కనిపించే మెట్టు పద్ధతి మారినందువల్ల వచ్చిందే.

నాకు మరీ ముఖ్యమనిపించే సంగతి ఇంకొకటి ఉంది. ఆ ప్రాంతంలో ఖర్జూరంతో పాటు కొవ్వు తినరని కాదు, ఆ కొవ్వు ఖర్జూరం వరుసలో పడదు. ఇరాక్‌లో ఖర్జూరపు పాకం దిబ్స్‌ను నువ్వుల ముద్దతో కలిపి రొట్టెకు అద్దుకుంటారు. ఆ నువ్వుల కొవ్వు నువ్వుల లెక్కలోకి పోతుంది. ఖర్జూరపు ముద్ద కూరి చేసే మామూల్ బిస్కెట్లలోని నెయ్యి పాల కొవ్వుల లెక్కలోకి, గింజ తీసిన చోట పెట్టే బాదంలోని కొవ్వు గింజపప్పుల (నట్స్) లెక్కలోకి పోతాయి. ఖర్జూరంలోనే నిజంగా కొవ్వున్న భాగం దాని గింజ. పండు బరువులో పదో వంతుకు పైగా ఉండే ఆ గింజలో నూనె వంద గ్రాములకు ఐదు నుంచి పదమూడు గ్రాముల దాకా ఉంటుంది, ఓలిక్ ఆమ్లం అందులో ప్రధానం. కానీ దాన్ని పారేస్తారు, లేదా పొడి చేసి దాణాలో కలుపుతారు, కొన్నిచోట్ల వేయించి కాఫీలా కాచుకుంటారు. ఈ పట్టికలు దాన్ని ఆహారపు కొవ్వుగా లెక్కించవు.

ఖర్జూరం పాత్రను చూపించాలనుకుంటే మీ నివేదికలో తలసరి కిలోల వరుసను, కేలరీల వరుసను వాడండి, వాటి పక్కనే ఉత్పత్తి, ఎగుమతి, దాణా అంకెలు ఇవ్వండి. కొవ్వు ఎక్కడి నుంచి పెరిగిందో చెప్పాలంటే వంటనూనెలు, వెన్న, నెయ్యి, మాంసం వరుసలను దేశాల వారీగా తీయండి. ఇవన్నీ ఇళ్లకు చేరే సరఫరా అంకెలే గానీ తిన్నవాటి కొలతలు కావని కూడా రాయండి, ఎందుకంటే ఇంట్లో పారేసినది ఈ లెక్కలో తీసివేయరు. ఖర్జూరం కొవ్వు గ్రాఫును ఉంచాలనే అనుకుంటే నిలువు అక్షాన్ని సున్నా నుంచి మొదలుపెట్టి, మొత్తం కొవ్వు సరఫరా ఎంతో అదే గ్రాఫులో చూపించండి.