ముందు ఆ చెక్క సంగతి చూడు

అమ్మడూ,

నూనె తీశాక మిగిలే వేరుశనగ చెక్కలోంచి ప్రొటీన్ తీసి, బాక్టీరియాను ఆపే ప్యాకింగ్ పొర చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. మన అనంతపురం పంటతో ఇంత పని తలపెట్టావని ఇక్కడ నలుగురికీ చెప్పుకున్నాను. కానీ అప్పుడే మెషిన్‌కు అడ్వాన్సు కూడా ఇచ్చావట! నన్నొక్క మాట అడగొద్దూ?

పొర పోయడం నీకు నేర్పక్కర్లేదు. గ్లిజరిన్ తగ్గితే పెళుసు, ఎక్కువైతే జిగట, అంతే.

నేను చెప్పాల్సింది పనీర్ గురించి. నేను పనిచేసినచోట ఒక బృందం సోయా ప్రొటీన్ పొరలో లవంగ నూనె కలిపింది. బాక్టీరియాను పెంచే పెట్రీ ప్లేటులో ఆ పొర ముక్క చిన్న బిళ్లంత పెడితే దాని చుట్టూ బాక్టీరియా మొలవని వలయం చక్కగా వచ్చింది. ఫొటోలు తీసి పైవాళ్లకు చూపించారు, ఒక డెయిరీకి మాట కూడా ఇచ్చేశారు. ఆ తర్వాతగానీ పనీర్ దిమ్మలకు చుట్టి ఫ్రిజ్‌లో పెట్టలేదు. వారం తిరక్కుండానే పొర తడి పీల్చి మెత్తబడి పనీర్‌కు అతుక్కుపోయింది. గోటితో గీకితే పేలికలుగా ఊడొచ్చింది, కింద బంక. లవంగ నూనెలో పనిచేసే యూజెనాల్ కొవ్వులో ఇట్టే కరుగుతుంది. పనీర్‌లోని కొవ్వు దాన్ని లాగేసుకుంటే, బాక్టీరియా పెరిగే తడిలో మిగిలింది ఏపాటి? నోట్లో వేసుకుంటే మాత్రం పంటినొప్పి మందు నమిలినట్టే ఉంది. ప్లేటులో బాక్టీరియాను పెంచే జెల్లీ, అదే అగర్‌లో, కొవ్వు లేదు గనక అక్కడ అంత బాగా కనబడింది. ఆ కుర్రాళ్ల మొహాలు నాకింకా గుర్తే, రెండేళ్ల కష్టం మరి.

అందుకే దేనికి చుట్టాలనుకుంటున్నావో దాని మీదే పరీక్షించు. ప్రొటీన్ పొర ఆక్సిజన్‌ను బాగానే ఆపుతుంది, నీటి ఆవిరికి మాత్రం లొంగిపోతుంది. ముందు బ్రెడ్‌తో మొదలుపెట్టు తల్లీ. కొవ్వు తక్కువ, పైగా బూజు మీద లవంగ నూనె ఆవిరి కూడా పనిచేస్తుంది.

నాకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం ఆ చెక్కే. బూజు పట్టిన కాయల్లో ఉండే అఫ్లాటాక్సిన్ అనే విషం, గానుగాడితే నూనెలోకి పోయేది కొంచెమే, ఎక్కువ భాగం చెక్కలోనే ఉండిపోతుంది. వంట వేడికి పోదు. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయింది ఇలాంటి వేరుశనగ పిండి మేతతోనే. నీ పొరలో ఏముంటే అది తిండిలోకి దిగుతుంది, మరిచిపోకు. వేరుశనగ పడని పిల్లలుంటారు, వాళ్లలో కొందరికి రవ్వంత తగిలినా ప్రాణం మీదికొస్తుంది. లోపల ఉన్నది ఉత్త బ్రెడ్డే అయినా, పొరలో వేరుశనగ ఉందని ప్యాకెట్ మీద కొట్టొచ్చినట్టు రాయించు. ఈ విషయంలో నాతో వాదించకు.

ఆ విషం అన్ని బస్తాల్లో ఒకేలా ఉండదు. పై నుంచి ఒక్క గుప్పెడు తీసి ల్యాబుకు పంపితే లాభం లేదు. ప్రతి బస్తాలో పైనా నడుమా అడుగునా తీసి, కలిపి పంపు. ఫీజు నేను కడతాను, మీ అమ్మకు చెప్పకు. రిపోర్టు వచ్చేదాకా మెషిన్ వాడికి మిగతా డబ్బు ఇవ్వొద్దు.

మామయ్య