నాన్న పిడికిలి మెల్లగా తెరువు

అమ్మడూ,

నాన్న ఎడమ చెయ్యి పిడికిలిలా బిగుసుకుపోతోందని, తెరవబోతే ఇంకా ముడుచుకుంటోందని ఫోన్లో బాధపడ్డావు. పక్షవాతం తర్వాత చాలామందికి ఈ బిగుతు వస్తుంది. కండరం మీద మెదడు అదుపు తగ్గుతుంది కదా, నువ్వు ఎంత వేగంగా లాగితే అది అంత గట్టిగా ఎదురుతిరుగుతుంది. మీ పెదనాన్నకి రోజూ చేయించినదాన్ని కాబట్టి చెబుతున్నాను.

వేళ్ల కొసలు పట్టుకుని పీకకు. ముందు మణికట్టును అరచేతి వైపు కాస్త వంచు, వేళ్లు వాటంతటవే సడలుతాయి. బొటనవేలిని మొదలు దగ్గర పట్టుకుని పక్కకు తియ్యి, ఆపైన మిగతా వేళ్లు చాపు. అవి చాపి ఉండగానే మణికట్టును నెమ్మదిగా వెనక్కి తీసుకురా. సాగుతున్నట్టు ఉండాలి గానీ నొప్పి పుట్టకూడదు. అక్కడ అరనిమిషం ఆగి వదులు. స్నానమయ్యాక చేస్తే సులువు. అరచేతిలో చెమట పట్టి వాసన వస్తుంది. కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడిచి, గోళ్లు తీసెయ్.

కాలికైతే మోకాలు చాపి, మడమను నీ అరచేత్తో పట్టుకుని, పాదాన్ని ముంజేత్తో ఆయన వైపు నొక్కు. కాలివేళ్లు పట్టి వంచితే పిక్క సాగదు.

చంకలో చెయ్యేసి లేపడం మాత్రం ఎవరినీ చెయ్యనివ్వకు, భుజం కీలు జారుతుంది. పలకరించడానికొచ్చిన చుట్టాలే "లే బావా" అంటూ ఆ చెయ్యి లాగేస్తారు. మొహమాటం వద్దు.

పిసకమని ఎవరో బంతి ఇచ్చారన్నావు, పక్కన పెట్టెయ్. ముడుచుకోవడం ఆ చేతికి ఇప్పటికే ఎక్కువైంది. ఉత్త సాగదీతతో కదలిక తిరిగి రాదు, ఆయన సొంతంగా వాడాలి. బల్ల మీద తువ్వాలు పరిచి, రెండు చేతులూ దాని మీద పెట్టించి ముందుకీ వెనక్కీ తోయించు. టీవీ చూస్తూ చేసినా సరే.

ఉన్నట్టుండి బిగుతు పెరిగితే మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్, పుండు, బిగుతైన చెప్పులు ఏమైనా ఉన్నాయేమో చూడు. బిగుతు తగ్గడానికి ఇచ్చే బాక్లోఫెన్ మాత్ర వల్ల మగతగా ఉంటే డాక్టరుకు చెప్పు, మీ అంతట మీరు ఒక్కసారిగా మానిపించకండి. బిగిసిన కండరాన్ని సడలించే బొటాక్స్ ఇంజెక్షన్ చేస్తే దాని పట్టు సుమారు మూడు నెలలు, ఆ రోజుల్లో వ్యాయామం అస్సలు ఆపకూడదు.

ముందు ఫిజియోథెరపిస్ట్ ఎదుట ఒకసారి చేసి చూపించు. ఆదివారం వీడియో కాల్ చెయ్, నువ్వు మణికట్టు ఎలా పడుతున్నావో నేనూ చూస్తాను.

మీ పెద్దమ్మ